మొహం మీద రసమట్టం

కళ్ళు మూసుకొని కూర్చోమంది సిస్టరు పుష్పవతి, కూర్చున్నాను, ఇంకో గంటసేపు ఇంతేనట, పది నిమిషాలకోసారి వచ్చి రెప్ప ఎత్తి రెండు చుక్కలు వేసి మళ్ళీ మూసేస్తుంది, మొదటి చుక్కకు చురుక్కుమంది, రెండో చుక్కకు చల్లబడింది, ఇప్పుడు ఈ కన్ను నాదో పక్కన కూర్చున్న ఆవిడదో తెలియనంతగా మొద్దుబారిపోయింది. కంట్లో సిమెంటు పడ్డ మంట నాకు తెలుసు, సున్నం పడ్డ మంట తెలుసు, వాటి ముందు ఇదొక మంటా. తలకు పచ్చ టోపీ, ఒంటికి పచ్చ అంగీ, కాళ్ళకు ఎవరి కొలతకో కొన్న చెప్పులు. అద్దాలు బయట బెంచీ మీద నాయన చేతికి ఇచ్చి వచ్చాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా నిద్రపోయేటప్పుడు తప్ప నా ముక్కు దిగని అద్దాలవి, ఆయన వాటిని జేబులో వేసుకున్నాడో ఒళ్ళో పెట్టుకున్నాడో, పోతే పోనీ, ఇవాళ ఆ ఉంగరం నా కంటి మీద కుదురుగా కూర్చుంటే వాటితో నాకిక పని లేదు, కూర్చోకపోతే మాత్రం ఈ జన్మకు నేను సిత్తాలునే. మా కట్టడం పనిలో మేస్త్రీకి ఇటుకా సిమెంటూ అందించే ఆడమనిషిని సిత్తాలు అంటారు. ఆడది సిత్తాలుగా పనిలోకి వస్తుంది, సిత్తాలుగానే నడుం వంగిపోతుంది, మా అమ్మకు అట్లాగే వంగింది. నాకు వంగదు. వంగనివ్వను. ఈ మాట పైకే అన్నట్టున్నాను, పక్కావిడ ఏమిటమ్మా అని అడిగింది, ఏమీ లేదన్నాను.

ఉంగరం అంటే వేలికి పెట్టుకునేది కాదు. లేసరు కాంతి పెట్టే ముందు నల్లగుడ్డు మీది పొరను పలచగా ఒక రెక్కలాగా లేపాలి, అది లేపేటప్పుడు కన్ను ఆవగింజంత కూడా కదలకూడదు, అందుకని గుడ్డు చుట్టూ ఒక ఉంగరం పెట్టి, దాంట్లోంచి గాలి పీల్చి బిగిస్తారు. ఉంగరం చదునుగా కూర్చోవాలంటే చుట్టూ చోటు కావాలి, ఆ చోటు నా మొహంలో లేదు. డాక్టరమ్మ అంబిక మొదటి రోజే చిన్న స్కేలు తెచ్చి నా కనుబొమ మీద ఒక కొస, చెంప ఎముక మీద ఒక కొస ఆనించి, పక్కకు వంగి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. స్కేలుకూ కంటికీ మధ్య ఎంత సందు ఉందో కొలిచిందన్నమాట. కనుబొమల ఎముక ముందుకు పొడుచుకొచ్చింది, కళ్ళు లోపలికి ఉన్నాయి, రెప్పల సందు ఇరుకు, ముక్కు దూలం ఎత్తు, నాలుగూ ఒక్క మొహంలోనే కుదిరాయి అని నవ్వుతూ చెప్పింది. కొందరికి కళ్ళు వసారాలో కూర్చున్నట్టు ఉంటాయట, నాకు లోపలి గదిలో ఉన్నాయట. డాక్టరమ్మది కాట్పాడి, ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడే వాళ్ళే, అందుకే ఇంత విడమరిచి చెప్పింది, లేకపోతే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గొణిగి రాసి పంపేసేవాళ్ళు.

నా మొహం సంగతి నాకు ఒకరు చెప్పాలా. ఇది మా అవ్వ కుప్పమ్మ మొహం, ఆస్తి పంపకాల్లో మిగతావాళ్ళకు ఇత్తడి బిందెలు పోయాయి, నాకు ఈ నుదురు వచ్చింది. కిటికీ మీద వాన పడకుండా కాంక్రీటుతో సన్‌షేడు పోస్తాం గదా, దేవుడు అవ్వకూ నాకూ అది కళ్ళ మీద పోశాడు. పనిలో అందరూ ఆ మాటే అనేవాళ్ళు, కోకిల వానలో నిలబడినా కంట్లో చుక్క పడదు, దానికి సన్‌షేడు ఉండాది అని. నేనూ నవ్వేదాన్ని. లోపల మండేది. దాని మీద ఈ సోడాబుడ్డి అద్దాలు వేరే, ఏడున్నర పవరు, చెమట పడితే జారేవి, సిమెంటు పడితే గీతలు పడేవి, గోడ పక్కన కర్రలతో కట్టే సారువ ఎక్కినప్పుడు కిందకు చూస్తే జారిపోతాయని తాడు కట్టుకొని మెడకు వేసుకునేదాన్ని. ఒకసారి గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు పండగ నాడు జనంలో ఎవరిదో మోచెయ్యి తగిలి అద్దాలు ఎగిరిపోయాయి, కాళ్ళ కింద కొబ్బరి చిప్పలు, చుట్టూ పసుపు రంగు పొగలాంటి మనుషులు, అమ్మవారి తల నా ముందు నుంచే ఊరేగుతూ పోయింది, మేళం వినబడింది, తల కనబడలేదు. మా దేవా వచ్చి వెతుక్కునే దాకా రెండు గంటలు కరెంటు స్తంభం పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. దేవా నా మొగుడు, కాట్పాడి స్టేషను దగ్గర ఆటో తోలుతాడు. ఇంటికి పోయేదాకా నా చెయ్యి వదల్లేదు.

మళ్ళీ చుక్కలు. ఈసారి చురుక్కు కూడా లేదు. ఎంతసేపైంది అని అడిగితే ఇరవై నిమిషాలే అక్కా అంది పుష్పవతి, లత్తేరి ఊరి పిల్ల, గొంతు మెత్తన, చేతులు గట్టివి. లోపల మిషను ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు వస్తోంది. జర్మనీ నుంచి వచ్చిందట, వేలూరుకు వచ్చి ఏడాదే అయిందట. అన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తున్నాయి ఇప్పుడు, బాత్రూము టైల్సు ఒక దేశం నుంచి, కొళాయిలు ఇంకో దేశం నుంచి, గుడియాత్తంలో లుంగీల వాళ్ళూ బియ్యం వాళ్ళూ పాత పెంకుటిళ్ళు పడగొట్టి మేడలు లేపుతున్నారు, కాట్పాడి వైపు కాలేజీ హాస్టళ్ళు వరసగా లేస్తున్నాయి, పని ఉంది, మేస్త్రీలు చాలడం లేదు, చాలకపోయినా ఆడదాని చేతికి మాత్రం తాపీ ఇవ్వరు. నేను పూత పూస్తే గోడ అద్దంలా ఉంటుందని మా నాయన ఆరుముగం మేస్త్రీకి తెలుసు. మధ్యాహ్నం భోజనాలకు మగవాళ్ళు దిగిపోయినప్పుడు ఎన్ని గోడలు పూసి ఉంటానో, సాయంత్రం వాళ్ళు చూసి మన పనే అనుకొని పోయేవాళ్ళు. పూత ఎవరైనా పూస్తారు పాపా, మేస్త్రీ అయ్యేది చేతితో కాదు, కంటితో, అనేవాడు నాయన. అదీ నిజమే, అదే నా కడుపుమంట.

మా వాళ్ళలో మేస్త్రీ కావడానికి ఒక పద్ధతి ఉంది, ఎవరు పెట్టారో తెలియదు. ద్వారబంధాన్ని మేము వాసకాలు అంటాం. కొత్త ఇంటికి వాసకాలు నిలబెట్టి, మేస్త్రీ కావాలనుకున్నవాణ్ణి పన్నెండడుగుల దూరంలో నిలబెడతారు. ఒక కన్ను మూసి, ఒక కంటితో చూసి, అది నిట్టనిలువుగా ఉందో, ఎటు వాలిందో, ఎంత వాలిందో చెప్పాలి. ఆ తర్వాతే దారానికి ఇత్తడి గుండు కట్టిన తూకుగుండు వేలాడదీసి చూస్తారు. మూడు వాసకాళ్ళకు మూడు మాటలూ నిజమైతే తాపీ చేతికి వస్తుంది. తొమ్మిదేళ్ళ కింద, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నేనూ నిలబడతానన్నాను. అందరూ నవ్వారు, నాయన నవ్వలేదు, నిలబడు అన్నాడు. నిలబడ్డాను, ఎడమ కన్ను మూశాను, చూశాను, కుడికి వాలింది అన్నాను. గుండు వేలాడదీస్తే ఏ పక్కకూ వాలలేదు. అప్పుడు వినిపించిన నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంటికి పోయి అద్దాలు చేతిలో పట్టుకొని తలుపు వైపు చూశాను, గాజు నడుమ నుంచి చూస్తే నిలువుగా ఉన్న తలుపు, గాజు అంచు నుంచి చూస్తే నడుం వంచుతోంది. అంటే తప్పు నా కంటిది కాదు, గాజుది. నడుమ నుంచి చూస్తాను, ఇంకోసారి నిలబెట్టండి అని బతిమాలాను. అద్దాలు ఉన్నన్నాళ్ళూ నీ మాట ఎవడూ నమ్మడు, ఉత్త కంటితో చెప్పిన రోజు చూద్దాం అన్నాడు నాయన. ఉత్త కంటితో నాకు పన్నెండడుగుల్లో వాసకాలు కాదు గదా, ఇల్లే కనబడదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసే అన్నాడు, మాట తెగ్గొట్టడానికి.

అందుకే వచ్చాను. తొమ్మిదేళ్ళు నా చేతి కష్టంతో కూడబెట్టుకొని వచ్చాను. గుడియాత్తం బజారులో పప్పుల అంగడి గుణశేఖరం గారి ఇల్లు మా చేతిలో ఉంది, పునాదులు అయిపోయాయి, వడ్రంగి దగ్గర వాసకాళ్ళు తయారవుతున్నాయి, ఇది ఆడి నెల, శూన్యమాసం, ఈ నెలలో ఎవరూ వాసకాలు నిలబెట్టరు, తర్వాతి నెల ఆవణి పుట్టాకే. డాక్టరమ్మ ఆపరేషను తర్వాత నెల రోజులు దుమ్ములోకి పోకూడదంది. లెక్క సరిగ్గా సరిపోతుంది. ఇవాళ తప్పితే ఆవణికి అందదు, ఆవణి తప్పితే ఇంకో ఇంటికి నాయన నన్ను నిలబెడతాడన్న నమ్మకం లేదు, ఆయనకూ అరవై దాటాయి, తర్వాత ముఠా మా పెదనాయన కొడుకుల చేతికి పోతుంది, వాళ్ళు నాకు టీ తెమ్మని మాత్రమే చెబుతారు.

మూడు వారాల కింద కూడా ఇదే బల్ల, ఇవే చుక్కలు, ఇదే టోపీ. ఆ రోజు లోపలికి నడిచి పోయి పడుకున్నాను, రెప్పలకు క్లిప్పు పెట్టారు, డాక్టరమ్మ గడ్డం పైకెత్తమంది, తల పక్కకు తిప్పింది, పైన ఎర్ర లైటు మినుకు మినుకు అంటోంది, దాన్నే చూడు అంది. చూశాను. నా ప్రాణమంతా పెట్టి చూశాను. ఉంగరం పెట్టారు, బిగిసింది, బుస్సుమని వదిలేసింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ బుస్సు. మూడోసారి కూడా అంతే. రెక్క లేపకముందే ఆపేశాం, కంటికి ఏమీ కాలేదు అని చెప్పి డాక్టరమ్మ తొడుగులు తీసేసి నా పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది.

“నీ కంటి తప్పు కాదు కోకిలా, నా చెయ్యి తప్పు కాదు. నీ మొహం కట్టుబడి అట్లాంటిది. ఉంగరం లేకుండా పైపొర గీకి చేసే పద్ధతి ఇంకోటి ఉండాది, నొప్పి ఎక్కువ, చూపు తేరేదానికి నెలలు పడతాది. ఆలోచించుకోని రా.”

నెలలు అంటే ఆవణి పోతుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని దారి పొడుగునా మొహాలు చూశాను. కండక్టరువి పైకి తేలిన కళ్ళు, ఉంగరం పెడితే పళ్ళెంలో పెట్టినట్టు కూర్చుంటుంది, కానీ అతనికి అద్దాలే లేవు. కాట్పాడిలో ఎక్కిన కాలేజీ పిల్లది చదునైన మొహం, చిన్న ముక్కు, ఐదు నిమిషాల పని. లత్తేరిలో ఎక్కిన మొక్కజొన్న ముసలమ్మకు నాకంటే లోపల ఉన్నాయి కళ్ళు, అవ్వా నువ్వు మా చుట్టానివా అని అడగబోయి ఊరుకున్నాను. అందరి మొహాలూ గోడలయ్యాయి, కిటికీలయ్యాయి, ఎవరి కిటికీ గోడకు ఎంత లోపల ఉందో అంచనా వేస్తూ పోయాను. నా మొహం మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే బస్సు అద్దంలో అది కనబడితే చీర కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ కోపమే మంచిదైంది. కోపంలో నుంచే ఒక ఆలోచన వచ్చింది, ఇది మొహం కదా, దేవుడు పోసినా ఎవరు పోసినా ఇది కట్టుబడే కదా, వాలిన కట్టడాన్ని మట్టానికి తెచ్చేది మా పనే కదా, మరి నేనెందుకు ఊరుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం సెంట్రింగు పలక తెచ్చి నట్టింట్లో వేసి దాని మీద వెల్లకిలా పడుకున్నాను. నాయన సంచిలో నుంచి చిన్న రసమట్టం తీసుకొచ్చాను, జానెడు కూడా ఉండదు, నడుమ గాజు గొట్టంలో పచ్చ నీళ్ళూ ఒక బుడగా, బుడగ మధ్యలో నిలిస్తే గోడ మట్టంగా ఉన్నట్టు. దాన్ని నిలువుగా నా కుడి కనుబొమ మీద ఒక కొస, చెంప మీద ఒక కొస ఆనించి, బుడగ చూసి చెప్పు మామా అని దేవాను పిలిచాను. దేవా ఆటో చొక్కాతోనే వచ్చాడు, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏందే ఇది, మొహానికి పూత పూస్తా ఉండావా అన్నాడు. నవ్వింది చాలు, బుడగ యాడుండాదో చెప్పు అన్నాను. కనుబొమ వైపు పోయింది అన్నాడు. గడ్డం కొంచెం కొంచెంగా పైకెత్తుతూ పోయాను, బుడగ కిందకు దిగుతూ వచ్చింది, గడ్డానికీ గొంతుకూ మధ్య నా బెత్తెడు పట్టేసరికి నడుమకు వచ్చి నిలిచింది. తర్వాత రసమట్టం అడ్డంగా, ముక్కు దూలం నుంచి కణత మీదికి. బుడగ ముక్కు వైపు పోయింది. తల ఎడమకు తిప్పితే సరిపోతుంది, కానీ ఎంత తిప్పాలి, తిప్పిన తల నిలిచేదెట్లా. దేవా చొక్కా విప్పి నాలుగు మడతలు పెట్టి తల కింద కుడి పక్కన దూర్చాడు. బుడగ నడుమకు వచ్చింది. నాలుగు మడతల కాకీ చొక్కా, అదీ కొలత. ఇంత సుళువా అని ఇద్దరం నవ్వుకున్నాం, కానీ డాక్టరమ్మ కూడా ఆ రోజు గడ్డం ఎత్తింది, తల తిప్పింది, మరి ఎందుకు నిలవలేదు, అదే అర్థం కాలేదు.

అప్పుడు రసమట్టం మళ్ళీ నిలువుగా పెట్టుకొని, పైకప్పు మీద నా ఉత్త కంటికి నల్ల మచ్చలాగా బల్లి ఒకటి ఉంటే దాన్నే ఎర్ర లైటు అనుకొని చూశాను. చూడగానే దేవా గట్టిగా అన్నాడు, “కదిలింది. బుడగ చెంప వైపు దూకింది. ఏం చేసినావు నువ్వు?” నేనేమీ చేయలేదన్నాను. మళ్ళీ చూశాను, మళ్ళీ దూకింది. అతను వంగి నా మొహంలో మొహం పెట్టి చూసి, నిదానంగా, “ఎడమ కన్ను మూసుకుంటా ఉండావే” అన్నాడు. ఏదైనా సూటిగా చూడమంటే మా పనిలో పెరిగినవాళ్ళెవరైనా చేసేది అదే, ఒక కన్ను మూసి ఒక కంటితో చూడడం, పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో అందరూ అట్లాగే చూస్తారు, గోడనూ, తాడునూ, పెళ్ళికొడుకునూ. ఎడమ కన్ను మూస్తే కుడి చెంప కూడా పైకి లేస్తుంది, కుడి రెప్పలు క్లిప్పును తోస్తాయి, క్లిప్పు ఉంగరాన్ని తోస్తుంది. మూడుసార్లు ఉంగరాన్ని ఊడగొట్టింది మా అవ్వ నుదురు కాదు, మా నాయన నేర్పిన చూపు. ఎక్కువ తెలిసి చెడగొట్టుకున్నాను. అంత మంచి వార్త నా జీవితంలో వినలేదు, నుదురును మార్చలేను గానీ అలవాటును మార్చలేనా. పది రోజులు, రోజూ ఆ పలక మీద పడుకొని రసమట్టం మొహం మీద పెట్టుకొని, రెండు కళ్ళూ తెరుచుకొని బల్లిని చూశాను, బల్లి లేని రోజు మేకు ఉన్న చోటును చూశాను.

డాక్టరమ్మకు ఇదంతా చెప్పినప్పుడు ఆమె రాస్తున్న కలం ఆపింది. బెత్తెడు గడ్డం, నాలుగు మడతల చొక్కా, మూసుకున్న ఎడమ కన్ను, అన్నీ విన్నది. రసమట్టం చూపించు అంది, సంచిలో నుంచి తీసి ఇచ్చాను, దాన్ని తన మొహం మీద పెట్టుకొని అద్దంలో చూసుకుంది, చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఎడమ కంటి మీద మెత్తటి గుడ్డ కప్పుతాను, అది తెరిచి ఉన్నా నీకేమీ కనబడదు, ఇక మూయాల్సిన పని ఉండదు, చిన్న సైజు ఉంగరం తెప్పిస్తాను, ఒక్కసారి చూద్దాం, ఒక్కసారే, నిలవకపోతే మాత్రం ఇంక ఉంగరం మాట ఎత్తకూడదు అంది. సరే అన్నాను. ఆ ఒక్కసారి ఇదే.

“కోకిలక్కా, రా” అంది పుష్పవతి. లేచాను. కళ్ళు తెరిస్తే అంతా వెలుతురు ముద్ద. ఆమె చెయ్యి పట్టుకొని నడిచాను, అడుగులు లెక్కపెట్టాను, తొమ్మిది. బల్ల మీద పడుకున్నాను. తల కింద కుడి పక్కన తువ్వాలు దూరుస్తుంటే మడతలు ఎన్ని అని అడిగాను, నాలుగే అంది డాక్టరమ్మ. గడ్డం ఎత్తాను, బెత్తెడు, ఎవరూ చెప్పకుండానే. ఎడమ కంటి మీద గుడ్డ పడింది. కుడి రెప్పలకు క్లిప్పు. ఎర్ర లైటు, మినుకు, మినుకు. ఎడమ కన్ను గుడ్డ కింద తెరిచే ఉంది, తెరిచే ఉండు, నువ్వు మూస్తే నేను సిత్తాలును, తెరిచి ఉంటే మేస్త్రీని, చెంప వదులు, దవడ వదులు, బల్లిని చూసినట్టు చూడు, మొహం మీద రసమట్టం ఉందనుకో, బుడగ నడుమ ఉంది, కదలదు, కదలకూడదు, ఉంగరం వచ్చి కూర్చుంది, బరువుగా ఉంది, బిగుస్తోంది, బిగుస్తోంది, లైటు మసకబడింది, చీకటి, చీకటైతే భయపడకూడదని చెప్పారు, భయం లేదు, బుస్సు మనలేదు, ఇంకా అనలేదు, చిన్న మోటారు చప్పుడు నా కంటి మీదుగా పోయింది, వెనక్కు వచ్చింది, ఉంగరం వదిలింది, వాళ్ళు వదిలితే వదిలింది, అది ఊడలేదు. రెక్క లేచింది అంది డాక్టరమ్మ, ఆమె గొంతులో కూడా సంతోషం ఉంది. తర్వాత టిక్ టిక్ టిక్ అని లేసరు, వెంట్రుక కాలిన వాసన, ఒక నిమిషం కూడా లేదు. తొమ్మిదేళ్ళు, మూడు వారాలు, పది రోజుల బల్లులు, చివరికి పని ఒక నిమిషం. ఎడమ కన్నుకు తల కుడికి తిప్పారు, తువ్వాలు ఎడమ పక్కకు మారింది, అదీ నిలిచింది, మొదటిసారే నిలిచింది. నాకు నవ్వు వస్తోంది, నవ్వకూడదు, చెంప లేస్తుంది. లోపలే నవ్వుకున్నాను. నా పొట్ట కదలడం చూసి పుష్పవతి, ఏడుస్తా ఉండావా అక్కా అంది.

మళ్ళీ కళ్ళు మూసుకొని కూర్చోబెట్టారు, ఈసారి ఇంకో గదిలో, చల్లగా ఉంది. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, నీళ్ళు కారుతున్నాయి, అయినా నాకు ఇంత సుఖంగా ఎప్పుడూ లేదు. ఇప్పుడు తెరిస్తే ఏం కనబడుతుంది, కనబడకపోతే, కనబడుతుంది, అమ్మ మొహంలో మచ్చ ఎక్కడ ఉందో దగ్గరకు పోకుండా చూస్తాను, వచ్చే పండక్కి గంగమ్మ శిరస్సును ఎంత దూరం నుంచైనా చూస్తాను, నా మొహం అద్దంలో చూసుకుంటాను, అద్దాలు లేకుండా ఆ నుదురు ఎట్లా ఉంటుందో నాకే తెలియదు, అవ్వా, నీ సన్‌షేడు కింద కిటికీలు బాగు చేయించాను, ఇల్లు మాత్రం మార్చలేదు.

డాక్టరమ్మ వచ్చి తెరవమంది. దీపం పెట్టి ఒక్కో కన్నూ చూసి బాగున్నాయి అంది. పొగమంచులో ఉన్నట్టుంది గది, కానీ మంచులో అంచులు ఉన్నాయి, బల్లకు అంచు, బీరువాకు అంచు, ఆమె చెవి కమ్మకు అంచు. పుష్పవతి తలుపు తీసి నాయనను పిలిచింది. కావేరిపాక్కంలో గోడౌను పని మీద నుంచే తిన్నగా ఆస్పత్రికి వచ్చినవాడు గదా, చొక్కా మీద సిమెంటు మరకలు, భుజాన పనిసంచి, చేతిలో నా అద్దాలు. గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఆయన్ను చూడబోయాను, చూపు ఆయన దగ్గర ఆగలేదు, ఆయన చుట్టూ ఉన్న వాసకాలు మీదికి పోయింది. ఎడమ కన్ను మూయబోయాను, కళ్ళు బిగించకూడదని చెప్పారు, రెండూ తెరిచే చూశాను. ఒకసారి కాదు, రెండుసార్లు చూశాను.

“నాయనా, ఆ వాసకాలు వాలింది” అన్నాను.

ఎట్లా ఉన్నావు అని అడగబోతున్నవాడు ఆగిపోయాడు. కంట్లో మందు పోసినారు, ఇప్పుడు నీకు లోకమంతా వాలే ఉంటాది అన్నాడు.

“లోకం బాగానే ఉండాది. వాసకాలే కుడి పక్కకు వాలింది. ఒక వేలు మందం.”

నాయన నన్ను చూశాడు, వాసకాలు చూశాడు, డాక్టరమ్మను చూశాడు. అద్దాలు బల్ల మీద పెట్టి, సంచిలో నుంచి తూకుగుండు తీశాడు. ఇది ఆస్పత్రి అని పుష్పవతి అడ్డం పోబోతే డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది, ఆమెకూ చూడాలని ఉంది. నాయన చెయ్యి చాచి దారాన్ని వాసకాలు ఎడమ చెక్కకు కుడి పక్కన, పైకొసన ఒక వేలు ఎడంగా పట్టుకున్నాడు. గుండు ఊగింది. నలుగురం ఊపిరి బిగబట్టి చూశాం. ఊగి, ఊగి, ఆగింది. నాయన దారాన్ని అట్లాగే పుష్పవతి చేతికి అందించి, కదపవద్దని చెప్పి, మోకాళ్ళ మీదికి వంగి, కింద దారానికీ చెక్కకూ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. పైన ఒక వేలు. కింద రెండు వేళ్ళు. ఇంకోసారి వేళ్ళు పెట్టి చూశాడు. మా నాయన దేనికీ తొందరపడడు, గోడకూ మాటకూ ఒకే తీరు. లేచాక దారం చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

“గుణశేఖరం ఇంటికి నాలుగు వాసకాళ్ళు. ఆవణి పుట్టినాక నువ్వే నిలబెట్టాల. నేను పక్కన ఉంటా.”

అప్పుడు మాత్రం ఏడుపు వచ్చింది. ఏడిస్తే కంటికి మంచిదా కాదా అని నేను అడగకముందే డాక్టరమ్మ, పరవాలేదు, రుద్దుకోవద్దు అంది. కారనిచ్చాను. పదిహేనేళ్ళు ఆయన సారువ మీద నిలబడి అది తే ఇది తే అంటే ఎత్తుకుపోయాను, ఎండలో జల్లెడ పట్టి ఇసుక జల్లించాను, ఆ దుమ్ము నా అద్దాల మీద పడితే కొంగుతో తుడుచుకొని మళ్ళీ జల్లించాను. నెల రోజులు దుమ్ములోకి పోకూడదు అని డాక్టరమ్మ నాయనకు కూడా చెబుతోంది, ఆయన బుద్ధిగా తల ఊపుతున్నాడు.

“వినినావు గదా నాయనా” అన్నాను. “నేను వచ్చేలోపల ఇసుక జల్లించి పెట్టు.”

సరే మేస్త్రీ అన్నాడు.